బందరుకోట వాకిలి

పాల్వంచ సీమవారమైన మనకు సముద్రము దూరము. అడవియే మన యెల్ల. అయినను మగ్గమును నమ్ముకొని బ్రతికిన మన పూర్వుల చరిత్రము వ్రాయబూనినవాడు బందరు రేవును విడిచి వ్రాయజాలడు. అందుచే నీ మహాసభా సంచికయందు ఆ పట్టణపు వాకిలిని గూర్చి కొన్ని మాటలు విన్నవించుచున్నాము.

పూర్వము పట్టణద్వారమున మత్స్యనేత్రములు అలంకారముగ నుండెననియు, అందుచే మచిలీపట్టణమను పేరు కలిగెననియు పెద్దలు చెప్పుదురు. కథ సొంపుగనే యున్నది, మే మంగీకరింపజాలము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయబడిన నావికగ్రంథమొకటి ఈ తీరమును ‘మసాలియా’ యని పేర్కొని, అచ్చట సన్నని వస్త్రములు విస్తారముగ నేయబడుచున్నవని చెప్పుచున్నది. హిందూస్థానీ మాట ఈ దేశమునకు రాకమునుపే ఇట్టి పేరుండగా, చేపకథ యెట్లు నిలుచును? వాకిటి చేపకన్న నేతగాని మగ్గమే యా తీరమునకు ప్రాచీనమైన గుర్తు. ఇక బందరనగా పారసీభాషలో రేవు.

కాకతీయుల నాడు మోటుపల్లి ముఖ్యమైన రేవు. గణపతిదేవుడు 1244లో అచ్చట ఓడవర్తకులకు అభయశాసన మొసగెను. గోలకొండ సుల్తానుల కాలమునకు ఆ ప్రాముఖ్యము బందరునకు వచ్చినది. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును దిగి వర్తకశాలలు పెట్టుకొనిరి. వారి వెంటపడినది మన గుడ్డ. నూలుబట్టను కరక్కాయ కషాయమునను గేదెపాలలోను తడిపి, కలముతో నల్లనిగీతలు గీసి, పటిక పట్టించి, చిరివేరుతో ఎరుపెక్కించిన కలంకారీ పారసీకమునకును ఐరోపాకును పోయెను. కరక్కాయ లేనిదే ఆ నలుపు నిలువదు. కరక్కాయచెట్టు మన యడవుల కెంత సొంతమో చెప్పనక్కరలేదు! పాల్వంచ పరగణా తహశీలుదారుడై, భద్రాద్రి దేవళము కట్టించి చెరబడిన కంచర్ల గోపన్న కథ మన యింటింట తెలిసినదే. ఆయన లెక్క చెప్పవలసియుండిన తానీషాయే బందరు రేవునకును ప్రభువు. అడవిసీమ శిస్తును రేవుసుంకమును చేరినది ఒక్క గోలకొండకే.

ఇక కోట. ఊరికిని కోటకును నడుమ మైలునకు మించిన చిత్తడినేల. దానిమీద కట్టిన త్రోవ యొక్కటే కోటవాకిటికి చేరును. 1750లో పట్టణమును పట్టిన ఫ్రెంచివారు కోటను బలపరచి, ఆ వాకిటి యెదుట అడ్డుకోట నిలిపి నిశ్చింతగ నుండిరి. 1759 ఏప్రిలు 7వ తేది రాత్రి కర్నల్ ఫోర్డు ముట్టడించెను. విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు సైనికులు కట్టత్రోవన వాకిటిమీదికి వచ్చినట్లు నటించిరి. వేరొక దళము నైరృతి బురదలో కలకలము రేపెను. అసలుసేన ఈశాన్యపు బురుజువైపున మోకాలు దాటిన బురదలో నడిచి గోడ యెక్కినది. తెల్లవారునప్పటికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగెను. పట్టుబడినవారు పట్టుకొన్నవారికంటె నెక్కువమంది! వాకిటిని కాచుకొన్న ఫలమది. ఆ మే నెలలోనే సలాబత్‌జంగు బందరుసీమను ఆంగ్లేయుల కిచ్చివేసెను. ఉత్తర సర్కారులు వారి చేజిక్కుటకు ఇదియే నాంది.

తరువాతి కథ త్వరగా ముగియును. రేవు పూడుచు వచ్చెను. ఓడలు తీరమునకు మైళ్ల దూరముననే నిలిచి పడవలతో సరకు దింపుకొనవలసియుండెను. ఇంగ్లండు మరగుడ్డ దిగి, మగ్గములను మూలబెట్టినది. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన వచ్చెను. సుమారు 30,000 మంది మరణించిరి. ఆ నీటికి కోటగోడ యడ్డమా, వాకిలి యడ్డమా?

బందరులడ్డు రుచి నెరిగినంతగా బందరుకోట నెరిగినవారు మనలో నరుదు. శిథిలములు నేటికిని గలవు. 2023లో క్రొత్త రేవు పనులు ప్రారంభించిరి. సమీపమున పెడనలో అద్దకమువారు నేటికిని కరక్కాయ కషాయముననే గుడ్డ తడుపుచున్నారు. కలమునకు మారుగా చెక్కఅచ్చు వచ్చినది, అంతియే.