క్షిపణియు, ఉపగ్రహ వాహకమును

ఖండాంతర క్షిపణికిని, ఉపగ్రహమును మోసికొనిపోవు రాకెట్టునకును నిర్మాణమున భేదము స్వల్పము. 10,000 కిలోమీటర్ల దూరము పోవలసిన క్షిపణికి సెకనుకు సుమారు 7 కిలోమీటర్ల వేగము కావలెను. భూసమీప కక్ష్యలో తిరుగుటకు సుమారు 8 కిలోమీటర్లు కావలెను. బరువైన యుద్ధశీర్షమును తొలగించి, తేలికైన ఉపగ్రహమును, అవసరమైనచో మరియొక చిన్న దశను అమర్చినచో ఈ కొరత తీరును.

మొదటి ఉపగ్రహమే ఇందుకు నిదర్శనము. 1957 అక్టోబరు 4వ తేదీన 83.6 కిలోగ్రాముల స్పుత్నిక్‌ను మోసినది సోవియట్ ఆర్-7 క్షిపణి రూపాంతరమే. ప్రచ్ఛన్నయుద్ధము ముగిసిన పిమ్మట, సైన్యము నుండి తొలగింపబడిన ఆర్-36ఎం క్షిపణులు 'ద్నేపర్' వాహకములుగా మారినవి. 1999 నుండి 2015 వరకు అవి అనేక చిన్న ఉపగ్రహములను కక్ష్యకు చేర్చినవి. నగరములను భస్మము చేయుటకై నిర్మించినవే భూమిని పరిశీలించు పరికరములను మోసినవి.

మన దేశమున ఈ కథ ఎదురుదిశలో నడచినది. 1980 జులై 18వ తేదీన, అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుండి నాలుగు దశల ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు 35 కిలోగ్రాముల రోహిణిని కక్ష్యలో నిలిపినది. ఆ పథకమునకు నాయకత్వము వహించిన డాక్టరు అబ్దుల్ కలాం 1982లో హైదరాబాదులోని రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాలకు వచ్చిరి. 1989 మే 22వ తేదీన ఒడిశా తీరమున చాందీపూర్ నుండి ఎగిరిన అగ్ని క్షిపణికి ఎస్‌ఎల్‌వి-3 మొదటి దశలోని ఘనేంధన మోటారే మొదటి దశయైనది. అయితే ఉపగ్రహమువలె క్షిపణి శీర్షము పైననే ఉండిపోదు; వాయుమండలమును చీల్చుకొని క్రిందికి రావలెను. కనుక తీవ్రమైన వేడిని తట్టుకొను కవచమును ప్రత్యేకముగా నిర్మింపవలసి వచ్చినది.

మోటారునకు, ఇంధనమునకు పక్షపాతము లేదు. రాకెట్టు కొనయందు ఏమి ఉంచవలెనో నిర్ణయించునది మానవుడే.