గౌట్ వ్యాధి: పథ్యం మందులకు తోడు మాత్రమే

కాలి బొటనవ్రేలి కీలు రాత్రికి రాత్రి ఎర్రబడి, వాచి, దుప్పటి తగిలినా ఓర్వలేని నొప్పి కలగడం గౌట్ వ్యాధి ప్రధాన లక్షణం. రక్తంలో యూరిక్ ఆమ్లం డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు మించినపుడు స్ఫటికాలుగా మారి కీళ్లలో చేరే అవకాశం కలదు.

ఈ ఆమ్లంలో అధిక భాగం శరీరంలోనే తయారవుతుంది. మూత్రపిండాలు దానిని తగినంతగా విసర్జించలేకపోవడమే ఎక్కువ మందిలో వ్యాధికి మూలం. అందుచేత పథ్యం వలన అది స్వల్పంగానే తగ్గుతుంది.

తగ్గించవలసినవి: మేక మాంసం, కాలేయం, మెదడు, రొయ్యలు, కవళ్లు, నెత్తళ్లు, బీరుతో సహా మద్యం, తీపి శీతల పానీయాలు.

మానవలసిన అవసరం లేనివి: పప్పు, పాలకూర. 47,150 మంది పురుషులను 12 సంవత్సరాలు పరిశీలించి 2004లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, ప్యూరిన్లు అధికంగా గల కూరగాయల వలన గౌట్ ముప్పు పెరగలేదు. వెన్న తీసిన పాలు, పెరుగు తీసుకొన్నవారిలో తగ్గింది. మూత్రపిండాల వ్యాధి కలవారు మాత్రం పప్పు పరిమాణాన్ని వైద్యుని సలహాపై నిర్ణయించుకోవాలి.

స్థూలకాయులు క్రమంగా బరువు తగ్గడం మేలు. కటిక ఉపవాసం వలన యూరిక్ ఆమ్లం పెరిగి నొప్పి తిరగబెట్టవచ్చు.

తరచూ నొప్పి వచ్చేవారికి వైద్యులు అలోప్యురినాల్ వంటి మందులతో యూరిక్ ఆమ్లాన్ని 6 మిల్లీగ్రాముల లోపునకు తెస్తారు. నొప్పి తగ్గినదని వాటిని సొంతంగా మానరాదు; స్ఫటికాలు కరగడానికి నెలలు, ఒక్కొక్కపుడు సంవత్సరాలు పడుతుంది. పథ్యంపైనే ఆధారపడి చికిత్స ఆలస్యం చేసినచో కీళ్లు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం కలదు.