బ్యాంకు గుమాస్తాల తీర్పు – ఒక మంత్రి రాజీనామా

నెల మొదట నింటికి వచ్చు జీతమును లెక్క చూచుకొనునపుడు, అది యింత యని నిర్ణయించిన వారెవ్వరు, ఆ నిర్ణయము నిలుచుటకై యెవ్వరేమి వదలుకొనిరి యను ప్రశ్న మనకు సాధారణముగా తోచదు. బ్యాంకు కొలువును మనము గౌరవమైన కొలువుగా నెంచుచున్నాము. ఆ గౌరవము బ్యాంకులతోడనే పుట్టినది కాదు. దాని వెనుక నొక దీర్ఘవివాదము కలదు. ఆ వివాదమధ్యమున నొక తెలుగువాడు నిలిచెను గనుక, ఆ కథను పాఠకులకు విన్నవింప దలచితిమి.

1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ననుసరించి, యజమానులకును పనివారికిని గలుగు తగవులను విచారణకు పంపు నధికారము పెక్కు పరిశ్రమలయందు రాష్ట్ర ప్రభుత్వములకే యుండెను. కాని యొకే బ్యాంకునకు నాలుగు రాష్ట్రములలో శాఖలుండవచ్చును. ఒకచోట నొక తీర్పు, మరియొకచోట వేరొక తీర్పు వెలువడినచో, ఒకే పని చేయువారికి రెండు న్యాయము లేర్పడును. ఇందుచేత 1949లో, పలు రాష్ట్రములందు శాఖలుగల బ్యాంకులను కేంద్ర ప్రభుత్వము తన పరిధిలోనికి దెచ్చుకొని, కె. సి. సేన్ గారి యాధ్వర్యమున విచారణసంఘము నేర్పరచెను. 1950లో తీర్పు వెలువడెను. 1951లో సుప్రీముకోర్టు దానిని చెల్లదని కొట్టివేసెను. జీతము లెక్కువ యనియో తక్కువ యనియో కాదు. ఒక సభ్యుడు కొంతకాలము లేకుండగా మిగిలినవారు విచారణ సాగించుట చట్టబద్ధము కాదని మాత్రమే. గుమాస్తాలు మరల మొదటికి రావలసివచ్చెను.

1952లో శాస్త్రిగారి విచారణసంఘ మేర్పడి, 1953లో తీర్పు చెప్పెను. బ్యాంకుల స్తోమతను బట్టియు, ఊళ్లలోని జీవనవ్యయమును బట్టియు తరగతు లేర్పరచి, ఆయా తరగతులకు జీతములను, కరవు భత్యములను నిర్ణయించెను. దానిపై నుభయపక్షముల వారును అప్పీలు చేసిరి. 1954 ఏప్రిలులో అప్పీలు ట్రిబ్యునలు తన నిర్ణయమును ప్రకటించెను. ఇక వివాదము ముగిసినదని ఉద్యోగులు తలచిరి. కాని యా నిర్ణయమును మార్చుటకు చట్టము ప్రభుత్వమునకు కొంత యవకాశము నొసగియుండెను. ఆ సంవత్సరము ఆగస్టులో ప్రభుత్వము దానిని దిద్ది, ఉద్యోగులకు లభించినదానిలో కొంత తగ్గించెను.

ప్రభుత్వము చెప్పిన కారణము త్రోసివేయదగినది కాదు. చిన్న బ్యాంకు లీ భారమును మోయలేవనియు, చిన్న యూళ్ల శాఖలు మూతపడుననియు వారి భయము. ఋణమునకై షాహుకారి గుమ్మమునే నమ్ముకొన్న పల్లెలుగల దేశమున బ్యాంకు శాఖ మూతపడుట యల్పవిషయము కాదు. కాని యీ వాదమును చెప్పవలసిన చోటు విచారణసంఘము. అక్కడ వినబడి, తూచబడి, తీర్పు వెలువడిన పిదప, అదే వాదముతో తీర్పును దిద్దినచో, ఇక విచారణ యెందులకు?

అప్పటి కేంద్ర కార్మికమంత్రి వరాహగిరి వెంకటగిరిగారు. ఆయన బరంపురమున 1894లో జన్మించి, డబ్లినులో న్యాయశాస్త్రము చదివి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘమునకై పాటుపడి, 1952లో పాతపట్నమునుండి లోకసభకు వచ్చినవారు. ఆయన నిర్బంధ విచారణపద్ధతిని మెచ్చినవారు కారు. యజమానియు పనివాడును ముఖాముఖి కూర్చుండి తమ తగవు తామే తీర్చుకొనవలెననియు, తీర్పులపై నాధారపడిన సంఘము బలపడదనియు ఆయన మతము. 1952లో నైనితాలున జరిగిన కార్మిక మహాసభలో దీనినే గట్టిగా చెప్పిరి. అట్టివారు, తమకు రుచింపని పద్ధతిలో వచ్చిన తీర్పును ప్రభుత్వము దిద్దినదని పదవికి రాజీనామా ఇచ్చిరి. పద్ధతి యెట్టిదైనను, దానికి ఉభయులను లోబరచిన ప్రభుత్వము ముందుగా తాను లోబడవలెనని యా రాజీనామాకు మేము చెప్పుకొను నర్థము.

రాజీనామా వృథ పోలేదు. ప్రభుత్వము మరల విచారణ చేయించెను. మొదట నియమింపబడిన రాజాధ్యక్షగారు మరణింపగా, గజేంద్రగడ్కరుగారు ఆ పని పూర్తి చేసిరి. 1955లో, అప్పీలు నిర్ణయమును కొలది మార్పులతో పునరుద్ధరింపవలెనన్న వారి సిఫారసు చట్టరూపము దాల్చెను. 1962లో దేశాయిగారి తీర్పు వచ్చెను. 1966 అక్టోబరులో బ్యాంకుల యాజమాన్యములును, ఉద్యోగుల సంఘములును ఎదురెదురుగా కూర్చుండి మొదటి ద్వైపాక్షిక ఒప్పందమును చేసికొనిరి. గిరిగారు కోరిన మార్గమే పదునాలుగు సంవత్సరములకు బ్యాంకులలో నెలకొనెను. మరి మూడేండ్లకు, 1969 జూలై 19వ తేదీన, పదునాలుగు పెద్ద బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకము చేసినవారును గిరిగారే.

ఇది ఢిల్లీలోని పెద్దల కథ యని పాఠకులు ప్రక్కకు పెట్టకుందురుగాక. ఇంటి పనిమనిషికి నెల కింత యని మాట యిచ్చి, రెండు దినములు జ్వరమున రానందుకు నెలాఖరున మన యిష్టము వచ్చినట్లు కోసుకొను వాడుక మన యిండ్లలో లేదా? అప్పుడు మనకును చిన్న బ్యాంకుల వాదమువంటి కారణము దొరకకపోదు. ఒప్పుకొన్న మాటను, బలము తనవైపున నున్నదని యొకవైపుననే దిద్దుట తగదని మనము మన గడపలోపలనే నేర్చుకొనవలసియున్నది.