ఒంగోలు మిషను వసతిపాఠశాలలో ఆరాధనా సంవత్సరం: కాలంపై హక్కు

కీలకపదాలు: ఒంగోలు, బాప్టిస్టు మిషను, వసతిపాఠశాల, మాదిగ సమాజం, ఆదివారం, పంటల కాలం

1. ప్రవేశిక

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిషను పాఠశాలల చరిత్రను సాధారణంగా అక్షరాస్యత కోణం నుండే చూస్తారు. ఎందరు చదివారు, ఎందరు ఉపాధ్యాయులయ్యారు అన్నవే అందులో ప్రధాన ప్రశ్నలు. ఆ పాఠశాలల్లో పిల్లలు నిత్యం పాల్గొన్న ఆరాధన మాత్రం మతబోధలో ఒక భాగంగా మిగిలిపోయింది. పంతొమ్మిదవ శతాబ్దపు ఒంగోలు వసతిపాఠశాలను ఆధారంగా తీసుకొని, ఆరాధనా క్రమం ఆ పిల్లలకు తమ కాలంపై తమకూ హక్కు ఉందన్న భావనను పరిచయం చేసిందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పాఠశాల నేపథ్యం

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. మిషను బడికి మొదట అగ్రవర్ణాల బాలురు వచ్చారు. చుట్టుపక్కల పల్లెల నుండి మాదిగలు సంఘంలో చేరడం మొదలుకాగానే ఆ కుటుంబాలు అభ్యంతరం చెప్పి పిల్లలను మాన్పించాయి. ఆ సందిగ్ధంలో క్లౌ, ఆయన భార్య హ్యారియెట్ వేర్వేరుగా బైబిలు తెరవగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో దీనుల ఎన్నికను గురించిన భాగమే ఇద్దరికీ కనిపించిందని క్లౌ చెప్పుకున్నాడు. మాదిగలను చేర్చుకోవాలన్న నిర్ణయమే తర్వాతి వసతిపాఠశాల స్వరూపాన్ని నిర్ణయించింది. ఊరి బడి మాదిగ పిల్లలకు అందని రోజులవి. పసితనం నుండే పశువుల వెంట, పొలంలో పని తప్పని ఆ పిల్లలకు నిద్ర, భోజనం, చదువు, ప్రార్థన ఒకే ఆవరణలో లభించడం కొత్త అనుభవం.

3. సంవత్సర క్రమం

1842 జూలై 31న గుంటూరు చేరిన హేయర్ లూథరన్ సంప్రదాయాన్ని తెచ్చాడు. అందులో ఆగమన కాలం, శ్రమల కాలం, పునరుత్థానం, పెంతెకొస్తు అంటూ ఏడాది పొడవునా నియతమైన క్రమం ఉంటుంది. ఒంగోలు బాప్టిస్టులకు అటువంటి పంచాంగం ముఖ్యం కాదు. ఉదయ సాయంకాల ప్రార్థనలు, వారానికొక ఆదివారం, ప్రభురాత్రి భోజనం, బాప్తిస్మం వారి ఆరాధనా జీవితానికి మూలస్తంభాలు. మూడు నెలలకొకసారి పల్లెల నుండి బోధకులు ఒంగోలుకు వచ్చి సమావేశమయ్యేవారు.

వారి ఏడాదికి స్థానికమైన ఆరంభం కూడా ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ మరికొందరితో కలిసి ఒంగోలు కొండపై ప్రార్థించాడు. ఆ కొండ ప్రార్థనతో ముడిపడిన పేరుతోనే సంఘ స్మృతిలో నిలిచింది.

ఈ క్రమం పక్కనే మరో పంచాంగం నడిచేది. నల్లరేగడిలో పత్తితీత శీతకాలంలో సాగుతుంది. మిరపకోత ఎండలు ముదిరేవరకు కొనసాగుతుంది. క్రిస్మసు నుండి ఈస్టరు వరకు గల రోజులు కూలీ అవసరం ఎక్కువగా ఉండే రోజులే. ఆవరణలోని పిల్లలు గంట విని లేస్తే, పల్లెలోని వారి తల్లిదండ్రులు కామందు పిలుపు విని లేచేవారు.

4. ఆదివారం, పొలం

క్లౌ సంఘంలో చేరేవారికి మూడు నియమాలు ఉండేవి: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. మొదటిది పైకి ఆరాధనా నియమమే అయినా, ఆచరణలో కూలీ సంబంధాలను తాకింది. మోటబావికి తోలు బొక్కెనలు, రైతుకు చెప్పులు, జాతరకు డప్పు సమకూర్చడం మాదిగల విధిగా ఊరు భావించేది. పిలిచినప్పుడు రావలసినవాడు వారంలో ఒకరోజు రానంటే అది ధిక్కారంగా తోచింది. డప్పు కొట్టనన్నవారిపై వేధింపులు కూడా జరిగాయి. ఆవరణలో నిశ్చింతగా గడిచిన ఆదివారం ఇంటికి వెళ్లిన పిల్లవాడికి వివాదాంశమయ్యేది.

1876–78 కరవు తర్వాత ఈ ప్రశ్న విస్తృతమైంది. కరవు కాలంలో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి పని చూపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇంత పెద్ద సమాజానికి పల్లెపల్లెకూ చదవగలిగినవారు కావలసి వచ్చింది. వసతిపాఠశాల పిల్లలు ఆ అవసరానికి ఆధారమయ్యారు. అక్షరం రానివారికి పాటే పాఠమైంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు దేశీయ రాగతాళాలలో రచించిన కీర్తనలు తెలుగు క్రైస్తవ సంఘాలలో వ్యాపించడం ఇందుకు దోహదం చేసింది.

5. ముగింపు

ఈ మార్పును సంపూర్ణ స్వేచ్ఛగా చిత్రించడం సరికాదు. కామందు పిలుపు స్థానంలో మిషను గంట వచ్చింది. ఆ గంటకూ క్రమశిక్షణ ఉంది, దాన్ని మోగించే అధికారమూ ఉంది. ఏ రోజు ఎలా గడపాలో పిల్లలు నిర్ణయించలేదు. అయితే ఆ రెండింటి మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. కామందు పిలుపుకు వేళ లేదు, హద్దు లేదు. ఆదివారానికి హద్దు ఉంది. అది ముందుగానే తెలుసు. ప్రతివారం తిరిగి వస్తుంది. ‘ఈ రోజు పనికి రాను’ అని చెప్పగల రోజు ఒకటి ఉందన్న ఎరుకను ఆ పిల్లలు పల్లెకు తీసుకువెళ్లారు. మిషను విద్యాచరిత్రలో అక్షరంతోపాటు ఆ ఎరుకకూ స్థానం కల్పించవలసి ఉంది.