కందెన కథ: మినరల్, సింథటిక్, మధ్యలో ఆముదం

సింథటిక్ అన్న మాటకి తెలుగునాట అంత మంచిపేరు లేదు. సింథటిక్ చీర అంటే పట్టుచీర కొనలేనప్పుడు కొనేది. సింథటిక్ పాలు అంటే పేపర్లో వచ్చే కల్తీ వార్త. మినరల్ అన్న మాటది సరిగ్గా ఎదురు వరస: మినరల్ వాటర్ అంటే డబ్బులిచ్చి కొనుక్కునే మంచినీళ్లు. ఒక్క ఇంజన్ ఆయిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ మినరల్ అంటే చవక రకం. సెమీ సింథటిక్ దానికంటే ఓ మెట్టు పైన. ఫుల్లీ సింథటిక్ అన్నిటికంటే పైన. ధర కూడా అదే వరసలో పెరుగుతుంది.

కారుకి ఏది పోయించాలి అని అడిగితే మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. కొత్త బండికి సింథటిక్, పాత బండికి మినరల్ అన్నది ఒకటి. అదంతా కంపెనీల మాయ, ఏదైనా నూనె నూనే అన్నది రెండోది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ సింథటిక్ అనే మాటకి స్థిరమైన అర్థం ఒకటుందని రెండు జవాబులూ ముందే ఒప్పేసుకుంటాయి. నిజానికి గత తొంభై ఏళ్లలో ఆ అర్థం చాలా మారింది. ఎందుకు మారిందో, ఎవరు మార్చారో తెలిస్తే ఏ డబ్బా కొనాలో తేల్చుకోవడం తేలికవుతుంది.

*

ఇరుసుకి పట్టించే జిడ్డుకి మన భాషలో కందెన అని చక్కటి మాట ఉంది. ఎడ్లబండి ఇరుసుకి ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి పట్టించేవాళ్లు. ఇంగ్లండులోనైతే జంతువుల కొవ్వు వాడేవాళ్లు. చోటు ఏదైనా, మొదట్లో కందెన చెట్టు నుంచో జంతువు నుంచో రావలసిందే. నేల లోపలి నుంచి తీసిన నూనె ఆ పనికి పనికొస్తుందని పెద్దగా ఎవరూ అనుకోలేదు. 1866లో అమెరికాలో జాన్ ఎల్లిస్ అనే వైద్యుడు ముడి చమురుతో ఆవిరి యంత్రాలకి కందెన తయారుచేశాడు. తర్వాత వాల్వొలీన్ అని పేరు తెచ్చుకున్నది అదే. ఇవాళ మనం 'మామూలు ఆయిల్' అంటున్న మినరల్ ఆయిల్ అప్పట్లో కొత్త వింత.

ఆ కొత్త వింత ఆముదాన్ని ఒక్కసారిగా తోసెయ్యలేకపోయింది. మోటారు కార్లూ విమానాలూ వచ్చాక ఆముదానికి గిరాకీ ఇంకా పెరిగింది. చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో ఇంగ్లండులో పెట్టిన కంపెనీ, కొత్త ఇంజన్ల కోసం ఆముదం కలిపిన నూనె చేసి 1909లో దానికి కాస్ట్రాల్ అని పేరుపెట్టింది. ఆముదాన్ని ఇంగ్లీషులో కాస్టర్ ఆయిల్ అంటారు, పేరు అందులోంచే వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల్లో సిలిండర్లతో సహా గిరగిరా తిరిగే రోటరీ ఇంజన్లు ఉండేవి. వాటిలో పెట్రోలూ కందెనా ఒకే దారిలో వెళ్లేవి. మినరల్ ఆయిల్‌ని పెట్రోలు కడిగేస్తుంది. ఆముదం పెట్రోల్లో అంత సులువుగా కరగదు, లోహాన్ని పట్టుకుని ఉంటుంది. అందుకని ఆ విమానాలు ఆముదంతోనే ఎగిరాయి. కాలని ఆముదం ఎగ్జాస్ట్‌లోంచి పైలట్ మొహం మీదికి చిమ్మేది. పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే పంట యుద్ధ సామగ్రి అయిన కాలం అది.

ఆముదానికి ఒకటే ఇబ్బంది. వేడికి త్వరగా జిగురై, ఇంజన్ లోపల లక్కలా పేరుకుపోతుంది. కొంత దూరం ఎగిరి, దిగి, ఇంజన్ విప్పి శుభ్రం చేసుకునే విమానానికి పరవాలేదు. రోజూ తిరిగే కారుకి కుదరదు. 1930ల నాటికి మామూలు కార్లలో మినరల్ ఆయిల్ పాతుకుపోయింది.

*

మినరల్ ఆయిల్ బలహీనత అది పుట్టిన తీరులోనే ఉంది. ముడి చమురులో రకరకాల పొడవులున్న హైడ్రోకార్బన్ అణువులు కలగాపులగంగా ఉంటాయి. రిఫైనరీ వాటిని జల్లెడ పడుతుందే తప్ప కొత్తగా తయారుచెయ్యదు. కాబట్టి ఎంత శుద్ధి చేసినా కొంత మైనం మిగులుతుంది, చలికి గడ్డకడుతుంది. చిన్న అణువులు కొన్ని మిగులుతాయి, వేడికి ఆవిరైపోతాయి. గంధకం కొంత ఉంటుంది. ఇలా ఏరుకోవడం కాకుండా మనకి కావలసిన అణువునే కట్టుకుంటే? సింథటిక్ అన్న మాటకి తొలి అర్థం అది: చిన్న అణువుల్ని అతికించి, కావలసిన పెద్ద అణువుని తయారుచెయ్యడం.

1930ల ప్రాంతంలో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ ఇండియానాలో సలివన్ అనే రసాయనవేత్త ఓలెఫిన్లు అనే చిన్న అణువుల్ని గొలుసు కట్టి కందెన చేసి చూపించాడు. అమెరికాలో చమురుకి కొదవలేదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోక తప్పనిది జర్మనీకి. దానికి బొగ్గు ఉంది, చమురు లేదు. ఐ.జి. ఫార్బెన్ కంపెనీలో హెర్మన్ జోర్న్ బృందం 1938 నుంచి 1944 దాకా 3,500కి పైగా ఎస్టర్లు తయారుచేసి పరీక్షించింది. రష్యా చలికి జర్మన్ ట్యాంకుల్లో నూనె గడ్డకట్టాక ఆ పని ఇంకా అవసరమైంది. ఇదే కంపెనీ ఆష్విట్జ్ పక్కన మోనోవిట్జ్‌లో కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీ కోసం ఖైదీల చేత చావుచాకిరీ చేయించింది. ఆ రోజుల్లో సింథటిక్ అంటే నాణ్యత కాదు, కొరత. అసలుది దొరకనప్పుడు ఎలాగోలా చేసుకునేది.

ఆ మాటకి గౌరవం తెచ్చింది జెట్ ఇంజన్. దాని వేడికి మినరల్ ఆయిల్ నిలవలేదు. 40 వేల అడుగుల ఎత్తున ఉండే చలికీ నిలవలేదు. యుద్ధం ముగిశాక జెట్‌లు క్రమంగా ఎస్టర్లకి మారాయి. ఇక్కడ మన ఆముదం మళ్లీ వస్తుంది. ఆ తొలితరం జెట్ నూనెల్లో ముఖ్యమైనవి సెబాసిక్ ఆమ్లంతో చేసిన ఎస్టర్లు. సెబాసిక్ ఆమ్లాన్ని ఆముదాన్ని విరగ్గొట్టి తీస్తారు. అంటే ఇరవయ్యో శతాబ్దపు అత్యాధునిక సింథటిక్ నూనెకి ముడిసరుకు ఎడ్లబండి కందెనే!

*

సింథటిక్‌ని రోడ్డు మీదికి తెచ్చినవాళ్లలో ఒకడు ఆల్ అమట్యూజియో, యుద్ధవిమానాల పైలట్. జెట్‌లకి వాడుతున్నది కారుకి ఎందుకు వాడకూడదు అని మొదలుపెట్టి, 1972లో అమ్సాయిల్ పేరుతో, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణాలకి నిలిచిన తొలి సింథటిక్ కారు ఆయిల్‌ని అమ్మాడు. 1970ల మధ్యలో మొబిల్ 1 వచ్చింది. అది పి.ఏ.ఓ., అంటే పాలీఆల్ఫాఓలెఫిన్. సలివన్ కట్టిన గొలుసులకి మెరుగైన వారసురాలు. 25,000 మైళ్ల దాకా ఆయిల్ మార్చక్కర్లేదని మొబిల్ ప్రకటించింది. 1973 చమురు సంక్షోభం తర్వాత ఆ మాటలు జనం చెవికి బాగానే ఎక్కాయి. అయితే ధర మూడు నాలుగింతలుండేది. ఇరవై ఏళ్లపాటు అది ఔత్సాహికుల సరుకుగానే మిగిలింది.

ఈలోగా రిఫైనరీలు ఊరుకోలేదు. గొప్ప పీడనంలో, వేడిలో, హైడ్రోజన్ సమక్షంలో పెద్ద అణువుల్ని విరగ్గొట్టి, మిగిలిన మైనాన్ని తీసెయ్యకుండా దాని ఆకారాన్నే మార్చే పద్ధతులు వచ్చాయి. షెవ్రాన్ 1993లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో మొదలుపెట్టిన పద్ధతి అలాంటిదే. ఇలా వచ్చిన నూనెని గ్రూప్ 3 అంటారు. మామూలు మినరల్ నూనెలు గ్రూప్ 1, 2. పి.ఏ.ఓ. గ్రూప్ 4. మిగతావన్నీ, ఎస్టర్లతో సహా, గ్రూప్ 5. గ్రూప్ 3 పుట్టింది ముడి చమురులోనే అయినా నడవడిక పి.ఏ.ఓ.కి దగ్గరగా ఉంటుంది. పైగా చవక.

1997 చివర్లో కాస్ట్రాల్ అమెరికాలో అమ్మే తన సింథటిక్ ఆయిల్ 'సింటెక్'లో పి.ఏ.ఓ. తీసేసి గ్రూప్ 3 నూనె పోసింది. డబ్బా మీద మాట మాత్రం మారలేదు. మొబిల్ దీన్ని వ్యాపార ప్రకటనల మీద వచ్చే ఫిర్యాదులు వినే నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ ముందుకి తీసుకెళ్లింది. అది కోర్టు కాదు, ప్రకటనల పరిశ్రమ తనకి తాను పెట్టుకున్న పంచాయితీ. చిన్న అణువుల్ని అతికిస్తేనే సింథటిక్ అన్నది మొబిల్ వాదన. ముడిసరుకుని రసాయన చర్యతో మౌలికంగా మార్చినా సింథటికే అన్నది కాస్ట్రాల్ వాదన. 1999లో తీర్పు కాస్ట్రాల్ వైపు వచ్చింది. ఆటోమోటివ్ ఇంజనీర్ల సంస్థ ఎస్.ఏ.ఇ. అప్పటికే తన పత్రాల్లోంచి సింథటిక్ నిర్వచనాన్ని తీసేసి ఉండటం కాస్ట్రాల్‌కి కలిసొచ్చింది. ఆముదం పేరు పెట్టుకున్న కంపెనీయే సింథటిక్ అన్న మాట అర్థాన్ని మార్చింది.

ఇది మోసమా? నాకు అలా తేల్చెయ్యడం కష్టంగా ఉంది. ఖతార్‌లోని రస్ లఫాన్‌లో షెల్ భాగస్వామిగా 2011లో మొదలైన పెర్ల్ ప్లాంటు సంగతి చూడండి. అక్కడ సహజవాయువుని కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌గా విడగొట్టి, 1925లో ఫిషర్, ట్రాప్ష్ అనే జర్మన్లు కనిపెట్టిన పద్ధతిలో మళ్లీ పెద్ద అణువులుగా కడతారు. మొబిల్ చెప్పిన తొలి నిర్వచనానికి ఇంతకంటే నికార్సైన ఉదాహరణ దొరకదు. కానీ ఆ నూనె కొలతల్ని బట్టి దాన్ని కూర్చోబెట్టేది గ్రూప్ 3లో. అటు పి.ఏ.ఓ. మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇథిలీన్ నుంచి. ఇథిలీన్ కూడా చమురు, సహజవాయువుల బిడ్డే. పుట్టుకని బట్టి గీత గియ్యబోతే ఆ గీత నిలవడం లేదు. జర్మనీలో మాత్రం పాత అర్థాన్ని చాలాకాలం పట్టుకున్నారు. గ్రూప్ 3 డబ్బాల మీద పూర్తి సింథటిక్ అని కాకుండా 'హెచ్.సి. సింథసిస్' అని రాసేవాళ్లు. మన దేశంలో ఫుల్లీ సింథటిక్ అని అమ్మేవాటిలో చాలా భాగం గ్రూప్ 3వే.

*

ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఈ చిక్కు కొత్తది కాదు. లోపల కోడ్ ఎలా రాశారన్నది ఒకటి, బయటికి ఏ పని చేస్తానని ఒప్పుకుందన్నది ఇంకొకటి. వాడుకునేవాళ్లకి కావలసింది రెండోదే. ఆయిల్ డబ్బా మీద ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే సింథటిక్ మొదటి రకం కబురు. ఒప్పందం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అందులో మొదటిది గ్రేడ్. 5డబ్ల్యూ-30 అంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో నూనె ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 5కి పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర, 15కి మైనస్ 20 దగ్గర. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. ఆదిలాబాద్ చలికాలం ఎంత గడ్డుదైనా మైనస్ 20 కాదు కాబట్టి, మొదటి అంకె వల్ల కెనడాలో కలిగే లాభం మనకి కలగదు. అలాగని కొట్టిపారెయ్యడానికీ లేదు. ఇప్పుడొచ్చే చిన్న పెట్రోలు కార్లు చాలావాటికి 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 లాంటి పల్చటి గ్రేడ్లే రాస్తున్నారు. అంత పల్చగా ఉంటూ ఆవిరైపోకుండా నిలవడం పాత మినరల్ నూనె వల్ల కాదు. అలాంటి కారుకి మినరలా సింథటికా అన్న ప్రశ్నే లేదు, గ్రేడే తేల్చేసింది.

రెండోది ప్రమాణం: ఏ.పి.ఐ. ఎస్.పి., ఏ.సి.ఇ.ఏ. సి3 లాంటివి. డబ్బాలో పదోవంతు నుంచి నాలుగోవంతు దాకా ఉండేది నూనె కాదు, అందులో కలిపే రసాయనాలు. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 వచ్చాక మన డీజిల్ కార్లకి మసిని పట్టే ఫిల్టరు తప్పనిసరి అయినంత పనైంది. మసి అందులో కాలిపోతుంది. ఆయిల్‌లోని లోహపు రసాయనాలు కాలితే మిగిలే బూడిద మాత్రం కాలదు, ఫిల్టరులోనే పేరుకుంటుంది. కాబట్టి బూడిద ఎక్కువ మిగిల్చే ఖరీదైన ఫుల్లీ సింథటిక్ ఆ కారుకి చెరుపు చేస్తుంది. చెయ్యదని సింథటిక్ అన్న మాట హామీ ఇవ్వలేదు. సి2, సి3 లాంటి గుర్తులు ఇస్తాయి.

అలాగని తేడా లేదనను. 2017లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఐదు సింథటిక్, ఐదు మామూలు ఆయిల్స్‌ని ల్యాబ్‌లో పోల్చి చూస్తే సింథటిక్‌లు సగటున 47 శాతం మెరుగ్గా నిలిచాయి. ఆ కొలతలు నూనె మన్నికవి. ఇంజన్ 47 శాతం ఎక్కువకాలం బతుకుతుందని కాదు. టర్బో ఉన్న బండికీ, ఎండలో బరువుతో ఘాటెక్కే బండికీ ఆ మన్నిక అక్కరకొస్తుంది. పదిహేనేళ్ల నాటి, టర్బో లేని కారుకి మాన్యువల్‌లో రాసిన గ్రేడ్‌లో మినరల్ ఆయిల్ వేళకి మార్చుకుంటే చాలు. ఆ వేళ కూడా కిలోమీటర్లలోనే చూడకూడదు. హైవే మీద గంటకి 60 చొప్పున 10,000 కిలోమీటర్లంటే ఇంజన్ తిరిగింది 167 గంటలు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో గంటకి 20 చొప్పున అయితే 500 గంటలు. దగ్గర దూరాలే తిరిగే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కక, పెట్రోలూ తేమా అందులో చేరతాయి. ఏ సింథటిక్కూ వాటిని ఆపలేదు. అందుకే మాన్యువల్స్‌లో ఇన్ని కిలోమీటర్లు 'లేదా ఇన్ని నెలలు' అని రాస్తారు. రెండింట్లో ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి.

కందెన గురించి మన పాత బండివాడికి ఈ పేచీ లేదు. ఇరుసు కిర్రుమంటే పట్టించేవాడు, కిర్రుమనకపోతే లేదు. మన ఇంజన్లు పాడైపోయే దాకా కిర్రుమనవు కాబట్టి మనం చదువుకోవాలి. ముందు మాన్యువల్, తర్వాత డబ్బా వెనకవైపు. ఆ రెండూ కలిశాక, ముందువైపు ఏమని రాసి ఉన్నా పరవాలేదు.