ఏరక – తుంగయా, జమ్మా?

భాగవతము ఏకాదశస్కంధమునందును, విష్ణుపురాణము పంచమాంశమునందును యాదవవినాశ కథలో 'ఏరక' యను తృణము కలదు. మునిశాపమున బుట్టిన యినుప రోకలిని పొడిచేసి సముద్రమున గలిపిరి. ఆ పొడి ఒడ్డునకు చేరి ఏరకగా మొలచినది. ప్రభాసతీర్థమున యాదవులు దానినే పెరికి యొకరినొకరు మోదుకొనిరి. తెనుగున నీ కథ చెప్పువారు పలువురు ఏరకను 'తుంగ' యందురు. ఈ యర్థము పునర్విమర్శింపదగినదని మా యభిప్రాయము.

నీటిపట్టుల తృణములను వేరుపరచుట కష్టము కాదు. తుంగకాడకు మూడంచు లుండును. కొనయందు పూగుత్తి గొడుగుకమ్ములవలె విచ్చును. రెల్లు, కిక్కిసలకు కణుపులు గల గడయు, తురాయివంటి కుచ్చును గలవు. జమ్ముకాడ గుండ్రముగ, నున్నగ నుండును. ఆకులు కత్తులవలె నిడుపైనవి. కొనయందలి గోధుమవన్నె కంకి చిన్న రోకలిని దలపించును. ఏరకను పలువురు టైఫా జాతిగా గుర్తించిరి. మన జమ్ము ఆ జాతిదే.

శాపబలమున నే తృణమైనను ముసలము కావచ్చును గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే, ఆకార మొక్కటియే చాలదు. స్థానమును బట్టి చూచినను, తుంగయు తీరభూముల మొలచును. జమ్మును కొంత ఉప్పునీటిని సహించును. కాని స్థానమును, ముసలాకారమును ఒక్కచోట గూడుట జమ్మునందే. కావున ఏరకకు జమ్మను నర్థమే యుక్తతరమని తలంచుచున్నాము.

ఈ వివేచనము నిఘంటువునకే పరిమితము కాదు. జమ్ము దుంపవేళ్లు బురదను పట్టియుంచును. ఆకులలోని గాలిగదులు నీటమునిగిన వేళ్లకు ప్రాణవాయువు నందించును. ఆ పొదలు నీటిపక్షులకు గూళ్లకు తావు. అయినను, పొలముల యెరువుల సారము మురుగుకాల్వల వెంట వచ్చి చేరినచోట అదియే మితిమీరి పెరిగి తెరపనీటిని గప్పివేయును. 2002లో రామ్‌సార్ పట్టికకెక్కిన కొల్లేటియందు ఈ రెండు గుణములును విచార్యములే. దేనిని కాపాడవలెనో, దేనిని అదుపుచేయవలెనో తెలియుటకు ముందుగా దాని పేరు సరిగా తెలియవలెను.

తుంగను, జమ్మును, కిక్కిసను చాపలు అల్లువారును, కప్పులు నేయువారును వేరువేరు పేర్లతోనే పిలుతురు. నిఘంటువులందు 'ఒకవిధమగు గడ్డి' యని సరిపుచ్చుటకంటె ఆ వాడుకను సేకరించి, మొక్కను చూచి యర్థము వ్రాయుట మేలు. పరిశోధకవిద్యార్థులకు మేము సూచించు మార్గ మిదియే.