పరిగెల దేశాటనము

తెలుగునాట చేపకు పేరు దాని రుచిని బట్టి కలుగుననిపించును. కూరకు, పులుసుకు, వేపుడుకు పనికివచ్చు చేపలను మనవారు కొర్రమీను, బొచ్చె, శీలావతి, వాలుగ, బొమ్మిడాయి, పండుగప్ప అని వేర్వేరుగా పిలిచిరి. వ్రేలెడు పొడవైనను లేక, కాలువ రేవులలో గుంపులుగా తిరుగుచు, వలకన్నులలో నుండి జారిపోవు చిన్న జాతులను మాత్రము పరిగెలు అను ఒక్క మాటలో కలిపివేసిరి. కుంఫిణీవారి కొలువున విశాఖపట్టణములో ఉండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అచ్చటి తీరమున దొరకిన రెండువందల చేపలకు చిత్రములు వ్రాయించి, స్థానికులు చెప్పిన పేర్లనే వానికి తగిలించి, 1803లో లండను నగరమున రెండు సంపుటములుగా ప్రకటించెను. మన జాలరుల నోటిమాటలు అట్లు అచ్చుపడి ఖండాంతరములకు పోయినవి గాని, ఆ చేపలలో అధికభాగము సముద్రపువి. పరిగెకు వంతు రాలేదు. ఎవ్వరును వెల కట్టని ఈ అల్పప్రాణి ఎట్లు ఓడలెక్కెనో, ఎవరి యిండ్ల కిటికీలలో కాపురము పెట్టెనో, తుదకు రంగుచేప యను క్రొత్త పేరుతో ప్లాస్టిక్ సంచిలో ఊగుచు ఎట్లు మన అంగళ్ళకు చేరెనో, ఆ వృత్తాంతము నాకు చిరకాలముగా ప్రియమైనది.

చేపను చూచి ముచ్చటపడుట మనకు క్రొత్త గాదు. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణపు చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసమున, రాజోచితములైన వినోదముల నడుమ మత్స్యవినోదమునకును చోటు కలదు. ఏ జాతి చేప ఏ నీటిలో నుండునో, దేనికి ఏ మేత ఇష్టమో, గాలముతో దానిని ఎట్లు పట్టవలెనో ఆ గ్రంథము వివరించును. కాని సోమేశ్వరుడు చూచినది నీటి పైభాగమునుండి. బంగారుచేపలను శతాబ్దుల పర్యంతము పెంచిన చీనావారును మట్టికుండలలో, పింగాణీ తొట్లలో వానిని పైనుండియే చూచిరి. జంటతోక విసనకఱ్ఱవలె విచ్చుకొనునట్టి జాతులను వారు ఏరి ఏరి పెంచుటకు ఈ పైచూపే కారణమని నా అభిప్రాయము. చేపకు ఎదురుగా కూర్చుండి, దాని కన్నుతో మన కన్ను కలిపి చూచుటకు గాజుపలక కావలసివచ్చెను. ఆంగ్లదేశమున గాజుమీద పన్ను 1845లో తొలగిపోయి వెల తగ్గిన పిమ్మటనే సామాన్య గృహస్థుని ముంగిట గాజుతొట్టి నిలువగలిగెను.

ఆ తొట్టిలో నీటిని మాటిమాటికి మార్చక నిలుపుటెట్లను ప్రశ్నకు లండనులోని రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ సమాధానము కనుగొనెను. 12 గాలనుల పాత్రలో రెండు బంగారుచేపలను, పట్టీలవంటి పొడవాటి ఆకులు గల వాలిస్నేరియా మొక్కను పెట్టగా, కొంతకాలమునకు ఆకులు కుళ్ళి నీరు చెడసాగెను. కుళ్ళిన ఆకును తినుటకు నత్తలను వదలగా, నీరు తేటపడెను. 1850లో అతడు ఈ సంగతిని శాస్త్రజ్ఞులకు నివేదించెను. ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1854లో అక్వేరియమును గూర్చి వ్రాసిన గ్రంథము ఈ వేడుకను ఇల్లిల్లు చేర్చెను. అయితే ఆ తరమువారికి ప్రీతి సముద్రజీవులమీద. కొలది సంవత్సరములలో ఆ వెఱ్ఱి చల్లారెను.

ఉష్ణదేశముల చిన్నచేపల అసలు కథ 1869లో పారిస్ నగరమున ఆరంభమైనది. చీనా దేశమునుండి అచ్చటికి వచ్చిన కొన్ని చేపలను పియేర్ కార్బోనియే అను మత్స్యపోషకుడు తన తొట్లలో పెంచెను. ఎఱుపు నీలపు అడ్డుచారలతో, పొడవుగా సాగిన తోకతో మెరయు ఆ జాతిని తరువాతి వారు స్వర్గమత్స్యమనిరి. అది మొప్పలతోడనే గాక, మన కొర్రమీనువలె నీటిమీదికి వచ్చి గాలిని నేరుగా పీల్చుకొనగలదు. వరిమళ్ళ వెచ్చని నిలువనీటిలో ప్రాణవాయువు కొరతపడినను బ్రదుకుటకు ప్రకృతి దానికిచ్చిన వరమది. దూరప్రయాణమును, చిన్నపాత్రను ఓర్చుకొని బ్రదుకుటకును ఆ గుణమే తోడ్పడినది.

కార్బోనియే ఆ చేపలను బ్రదికించుటతో తృప్తిపడలేదు. వానిని గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచి, తాను చూచినదంతయు వ్రాసియుంచెను. మగచేప నీటిమీదికి వచ్చి నోటినిండ గాలి తీసుకొని, దానికి నోటి జిగటను పూసి బుడగలుగా విడుచును. బుడగ ప్రక్క బుడగ, బుడగ క్రింద బుడగ చేరి, అరచేయంత నురుగు తెప్ప నీటిపై తేలును. ఆ తెప్ప క్రింద అది ఆడచేప చుట్టును విల్లువలె వంగి పెనవేసికొనగా గుడ్లు వెలువడును. చెదరిపోయిన గుడ్లను మగచేప ఒక్కొక్కటిగా నోట కఱచి తెచ్చి నురుగులో ఊదును. అంతటితో ఆడదాని పని ముగియును. ఆపైన అది దరిచేరినచో మగచేప తరిమికొట్టును, కొన్నిమార్లు చంపివేయును గూడ. పిల్లలు వెలువడి చెదరినపుడు మగచేప వానిని మరల నోట పట్టి గూటికి చేర్చుచు, చిరిగినచోట నురుగును అతుకుచు, తిండిమాటయే తలపక కావలి కాయును. తండ్రి ఉయ్యాల కట్టి తానే ఊపుట వంటి ఈ దృశ్యమును నేను ఎన్నిమార్లు చూచితినో లెక్కలేదు; చూచినప్పుడెల్ల ఊపిరి బిగబట్టియే చూచితిని. చార్లెస్ డార్విన్ తన మానవావతరణ గ్రంథములో కార్బోనియే పరిశీలనలను ఉదాహరించెను. ఒక చేపలపెంపకందారు తొట్టి ముందు కూర్చుండి చూచిన ముచ్చట అంతటి గ్రంథమునకు ఆధారమగుటను నేను ఎంతో గౌరవముతో తలచుకొందును. మన గంగాప్రాంతపు చిన్న గొరామి అను చేప సైతము ఇట్లే నురుగు గూడు కట్టునని 1875లో లోకమునకు విన్నవించినవాడును ఈ కార్బోనియేయే.

ఆ తరువాత ఈ విద్యకు మెట్టినిల్లు వంటిది జర్మనీ. రోస్‌మెస్లర్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు గాజులోని సరస్సు అను శీర్షికతో అంతకు మునుపే, 1856లో, ఒక వ్యాసము వ్రాసి మంచినీటి తొట్టిమీద జనులకు మోజు కల్పించెను. 1888లో బెర్లినులో ట్రైటన్ అను సంఘము ఏర్పడెను. హాంబుర్గు రేవునకు వచ్చు ఓడల నావికులు దూరదేశపు చిన్నచేపలను డబ్బాలలో తెచ్చి అమ్ముకొనిరి. మంచు కురియు దేశమున వెచ్చని నీటి ప్రాణిని కాపాడుట సులభము గాదు. తొట్టికి అడుగున పలకరాతినో లోహపు రేకునో అమర్చి, దాని క్రింద చిన్న గ్యాసుమంటనో సారాయిదీపమునో వెలిగించి, రాత్రి లేచి చూచుకొనుచు, బిడ్డకు గొంగళి కప్పినంత శ్రద్ధతో వారు నీటి వేడిని నిలిపిరి. గోదావరి కాలువలో ఎండకు తానై వెచ్చబడు నీటికొఱకు వారెంత శ్రమపడిరో మన తొట్లకు దీపము పెట్టనక్కరలేని మనకు వెంటనే తట్టదు.

ఆ తొట్లలో పెరిగినవానిలో గప్పీ చరిత్ర విచిత్రమైనది. బెర్లిను పండితుడు పీటర్స్ 1859లో వెనిజులానుండి వచ్చిన దానిని వర్ణించెను. ట్రినిడాడ్ దీవిలోని రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ పంపిన చేపలకు గుంథర్ అను శాస్త్రజ్ఞుడు 1866లో ఆయన పేరే పెట్టెను. శాస్త్రనియమము ప్రకారము పీటర్స్ పెట్టిన పేరే నిలిచినను, జనుల నోట గప్పీ అను పేరు పోలేదు. గుడ్లు పెట్టక పిల్లలనే కనుట, ఏ రెండు మగచేపల మీది చుక్కలును ఒక్కతీరున ఉండకపోవుట దీని ప్రత్యేకతలు. ఆ చుక్కలలో కొన్ని తండ్రినుండి కొడుకునకే గాని కూతునకు రావని కోపెన్‌హేగనులో ష్మిట్, వింగే అను శాస్త్రజ్ఞులు వరుసగా 1920లోను, 1922లోను నిరూపించిరి. వంశపారంపర్యశాస్త్రమునకు అది ముఖ్యమైన మెట్టు.

ఈ గప్పీ మనదేశమునకు వచ్చినది అలంకారమునకు గాక దోమపిల్లలను తినుటకు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న పిమ్మట, దోమను నీటిలోనే అంతమొందించుటకు గప్పీని, 1928లో వచ్చిన గంబూజియా అను మరియొక చిన్నచేపను బావులలో, కుంటలలో వదలిరి. ఈనాటికిని మన మునిసిపాలిటీలు ఆ పని చేయుచునే ఉన్నవి. ఇందు నాకొక బాధ కలదు. గంబూజియా దోమపిల్లలతో ఆగక, స్థానికపు చిన్నచేపల గుడ్లను, పిల్లలను సైతము తినును. మన కాలువలలో ఇదివరకే ఉండి దోమపిల్లలనే మేపుగా తిను పరిగెలను మనము లెక్కలోనికి తీసికొనలేదు.

పరిగెల మాట వచ్చినది గనుక, వానికి తొలిగా లెక్క కట్టినవానిని చెప్పవలెను. ఫ్రాన్సిస్ బుకానన్ అను స్కాట్‌లండు వైద్యుడు వంగదేశమును సర్వే చేయుచు గంగానదిలోను దాని శాఖలలోను దొరకు చేపలను పరిశీలించి, బొమ్మలు గీయించెను. అతడు 1815లో దేశము విడుచునపుడు ఆ చిత్రములు ప్రభుత్వపు సొత్తని అధికారులు నిలిపివేసిరి. అయినను, తల్లి ఆస్తితోపాటు హామిల్టన్ అను పేరును పొంది, 1822లో ఎడింబరోలో అతడు తన గ్రంథమును వెలువరించెను. కోసీ నదిలో దొరకిన ఒక చారల పరిగె అందు రేరియో అను పేరున ఉన్నది. డానియో అను దాని గణమునకు పేరు వంగభాషలోని ధానీ అను మాటనుండి, అనగా వరిమళ్ళది అను అర్థమునుండి వచ్చినదందురు. అనగా ఆ ప్రాంతమువారు పరిగెకును పేరు పెట్టియుండిరి. ఎముకలు బయటికి కనిపించునంత పారదర్శకమైన రంగా అను చేపయు హామిల్టన్ గ్రంథములోనిదే. అది మన చెరువులలోను కలదు, పాశ్చాత్యుల తొట్లలోను కలదు.

ఇరువదవ శతాబ్దారంభమున ఐరోపా చేరిన ఆ చారల పరిగె, కోరినప్పుడెల్ల గుడ్లు పెట్టుగుణముచేత, క్రొత్తగా చేరువారికి తొలి చేప అయ్యెను. ఆంగ్లేయులు దానిని జీబ్రా చేప అనిరి. అమెరికాలోని ఆరిగాన్ విశ్వవిద్యాలయమున జార్జ్ స్ట్రైసింగర్ అను జీవశాస్త్రజ్ఞుడు, స్వయముగా చేపలను పెంచుకొను వేడుక గలవాడు, వెన్నెముక గల జంతువులలో వంశలక్షణములను పరిశీలించుటకు దీనినే ఎంచుకొని 1981లో తన ఫలితములను ప్రకటించెను. 2013లో దీని జీనోము వెలువడినపుడు మానవ జన్యువులలో 70 శాతమునకు ఇందు సమానములు కలవని తేలినది. హైదరాబాదులోని సీసీఎంబీ అను పరిశోధనాసంస్థలోను ఈ చేపలపై పరిశోధన జరుగుచున్నది. గుండె వ్యాధులను గూర్చియు, మందుల ప్రభావమును గూర్చియు వరిమళ్ళ చేప నేడు మనకు సాక్ష్యమిచ్చుచున్నది.

ఆ పరిగెను గుడ్లు పెట్టించుట నాకు ఒకటిరెండు ఓటముల తరువాతనే వచ్చినది. తొలిసారి గుడ్లను తల్లిదండ్రులే తినివేసినవి. తెల్లవారి చూచునప్పటికి తొట్టి అడుగున ఏమియు లేదు. అంతట పెరటిలో పిల్లలు ఆడుకొను గాజు గోలీలను కడిగి అడుగున రెండు వరుసలు పరచి, బెత్తెడు లోతున నీరు పోసి, పొట్ట నిండిన ఆడచేపను, సన్నని పసిమి మగచేపలను సాయంకాలము వదలితిని. కిటికీలో వెలుతురు పడుచుండగా మగచేపలు ఆడదాని వెంటబడి గోలీలమీద ఒరసికొనుచు పోవుచున్నవి. ఆగినచోటనెల్ల ఇసుకరేణువులంతటి గుడ్లు గోలీల సందులలోనికి జారిపోవుచున్నవి. పెద్దచేపలను తీసివేసితిని. మరునాడు భూతద్దముతో చూడగా గుడ్డులో కన్నులు రెండు నల్లని చుక్కలై, గుండె కొట్టుకొనుచున్నది. మూడవనాటికి పిల్లలు గాజు గోడను అంటుకొని వెండ్రుకలవలె వ్రేలాడసాగినవి. ఐదవనాడు, వరిగడ్డి నానవేసిన నీటిని సిద్ధపరచుకొని కూర్చుండగా, ఒకటి గోడను విడిచి, తడబడుచు పైకి పోయి, గాలిని మ్రింగి, నీటి నడుమ సమముగా నిలిచినది.